సోలారా, ఊకా, బూడిదా? సిమెంటు ఫ్యాక్టరీకి ఏది మేలు

వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉన్న చోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలే. కర్బన ఉద్గారాలు తగ్గిస్తున్నామని ఇప్పుడు చెప్పని సిమెంటు కంపెనీ లేదు. ఆ మాట పక్కన వేసే ఫొటో మాత్రం ఎప్పుడూ సోలార్ ప్యానెళ్లదే. ఫొటోకు బాగున్నది లెక్కకూ బాగుంటుందా అన్నదే ఇక్కడ చూద్దాం.

ముందు ఒక మాట. ఊళ్లమీద, చేలమీద పడే దుమ్ము వేరు, కర్బన ఉద్గారం, అంటే కార్బన్ డయాక్సైడ్, వేరు. దుమ్మును బ్యాగ్ ఫిల్టర్లు ఆపుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆపలేవు. చిమ్నీ తెల్లగా, శుభ్రంగా కనిపించినా అది పోతూనే ఉంటుంది.

ఎక్కడి నుంచి పోతుంది? బొగ్గు నుంచే అనుకుంటాం. అసలు సగానికి పైగా వచ్చేది రాయిలోంచి. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు, మిగతా 44 కిలోలు గాలిపాలు. బొగ్గు మానేసి ఏం మండించినా ఈ 44 తగ్గదు. కిలన్ అనే పెద్ద కొలిమిలో రాయి కాలగా వచ్చే గడ్డలే క్లింకర్, దాన్ని నూరితే సిమెంటు. టన్ను క్లింకర్ తయారయ్యేసరికి రాయి నుంచి సుమారు 525 కిలోలు, కిలన్‌లో మండే బొగ్గు నుంచి మంచి ఫ్యాక్టరీలో అయితే సుమారు 300 కిలోలు వస్తాయి. ఇక కరెంటు. టన్ను సిమెంటుకు 80 యూనిట్లు, యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున వేసుకుంటే 56 కిలోలు.

ఈ మూడు అంకెలు దగ్గర పెట్టుకుంటే సోలార్ సంగతి తేలిపోతుంది. ఏడాదికి 20 లక్షల టన్నులు తీసే ఫ్యాక్టరీకి 16 కోట్ల యూనిట్లు కావాలి. 40 ఎకరాల్లో 10 మెగావాట్ల ప్లాంటు పెడితే వచ్చేది ఒకటిన్నర కోట్ల పైచిలుకు. అంటే పదో వంతు. టన్ను సిమెంటు మీద తగ్గేది ఐదారు కిలోలు. పాలమూరు ఎండకు కొదవలేదు, నిజమే. కానీ కిలన్ రాత్రి కూడా తిరుగుతుంది, ఎండ తిరగదు. సోలార్ వద్దని కాదు. కరెంటు బిల్లు తగ్గుతుంది కాబట్టి కంపెనీ ఎలాగూ పెట్టుకుంటుంది. దాన్ని పర్యావరణ సేవ ఖాతాలో అంత పెద్ద అక్షరాలతో రాయడమే ఎక్కువ.

కిలన్ నుంచి బయటికి పోయే వేడి గాలితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పేది వేస్ట్ హీట్ ప్లాంటు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఎకరాలకు ఎకరాలు అడగదు, ఫ్యాక్టరీకి కావలసిన కరెంటులో 20 నుంచి 30 శాతం ఇస్తుంది. సోలార్ కంటే ఇది ఖాయంగా మేలు. అయినా 56 కిలోల గదిలోనే తిరుగుతుంది కదా, దక్కేది పదిహేను కిలోల దాకా.

ఊక మీద నాకు కొంచెం ఆశ ఉండేది. మిర్యాలగూడ పక్కనే ఉంది, అన్ని రైస్ మిల్లులున్నాయి. చిక్కేమిటంటే ఉప్పుడు బియ్యానికి ఒడ్లు ఉడికించే బాయిలర్లలో ఆ మిల్లులే ఊకను మండిస్తాయి. వాళ్ల దగ్గర కొనుక్కుపోతే ఇక్కడ తగ్గిన బొగ్గు అక్కడ మండుతుంది. మిగులు ఊక, పట్టణాల చెత్తలోంచి వేరుచేసిన ప్లాస్టిక్, గుడ్డపీలికలు కలిపి బొగ్గులో 15 శాతం తప్పించారనుకుందాం. ఊకలోని కార్బన్ వరిపైరు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి ఆ మేరకు తగ్గినట్టే లెక్క, ప్లాస్టిక్ అలా కాదు కాబట్టి అక్కడ లాభం తక్కువ. మొత్తం మీద 45 కిలోలకు లోపే.

ఇక బూడిద, అంటే థర్మల్ ప్లాంట్లలో బొగ్గు కాలగా మిగిలే ఫ్లైయాష్. క్లింకర్‌లో కొంత తీసేసి ఆ చోట దీన్ని కలుపుతారు. క్లింకర్‌నే తక్కువ వాడితే రాయీ తగ్గుతుంది, బొగ్గూ తగ్గుతుంది. 30 శాతం ఫ్లైయాష్ కలిపిన సిమెంటు (పీపీసీ) టన్నుకు, బూడిద కలపని మామూలు సిమెంటు(ఓపీసీ)తో పోలిస్తే దాదాపు 250 కిలోలు తక్కువ. బస్తాకు 12 కిలోలు. పైన చెప్పినవన్నీ కలిపినా దీనికి మూడో వంతు కావు. వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బిఐఎస్ 35 శాతం దాకా కలపనిస్తుంది. బూడిదకు దూరం పోనక్కర్లేదు, దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. ఆ బొగ్గు మండిన పాపం ప్లాంటు నడిపే జెన్‌కో పద్దులో, బూడిద కలిపిన పుణ్యం సిమెంటు కంపెనీ పద్దులో పడుతుంది, అది వేరే ముచ్చట.

అడ్డం పడేది దుకాణం దగ్గర. స్లాబ్ అనగానే "53 గ్రేడ్ ఉందా?" అనే అడుగుతారు, అంటే ఓపీసీయే. బూడిద సిమెంటంటే కల్తీ అనే అనుమానం ఇంకా పోలేదు. మేస్త్రీ చెప్పే కారణం మాత్రం అనుమానం కాదు, లెక్క. "రెండ్రోజులు ఎక్కువ ఉంచాల్సొస్తది సారూ, సెంట్రింగ్ కిరాయి ఎవరిస్తరు?" అంటాడు. మూడో రోజుకు 53 గ్రేడ్‌కు కనీసం 27 మెగాపాస్కల్ బలం ఉండాలని ప్రమాణం, పీపీసీకి 16 చాలు. తర్వాత పుంజుకుంటుంది, నెలలు గడిచే కొద్దీ గట్టిపడుతుంది, నీళ్లు దిగనివ్వదు. కానీ కిరాయి మొదటి వారంలోనే లెక్కకొస్తుంది. క్యూరింగ్ కూడా అంతే. ఎండాకాలంలో ఓపీసీకి పది రోజులు నీళ్లు పట్టాలంటే బూడిద సిమెంటుకు 14 రోజులు పట్టాలి. ఏప్రిల్‌లో నారాయణపేటలో ట్యాంకర్ కొనుక్కుని ఇల్లు కడుతున్నవాడికి ఆ నాలుగు రోజులు చిన్న విషయం కాదు.

కాబట్టి కంపెనీ నిజంగా తగ్గించాలనుకుంటే ఫ్యాక్టరీ లోపల ఎంత ఖర్చు పెట్టిందో, మేస్త్రీల దగ్గర, డీలర్ల దగ్గర కూడా అంత శ్రద్ధ పెట్టాలి. ఆ శ్రద్ధకు ఇప్పుడు ఒక కారణమూ దొరికింది. సిమెంటు సహా నాలుగు రంగాల ఫ్యాక్టరీలకు కేంద్రం 2025 అక్టోబరులో ఉద్గారాల లక్ష్యాలు పెట్టింది. లక్ష్యం టన్ను ఉత్పత్తికి ఇంత అని. బూడిద కలిపితే ఆ అంకె దిగే వీలుంది. అయితే టన్నుకు తగ్గించి టన్నులు పెంచుకుంటూ పోతే మొత్తం తగ్గిందనలేం. కంపెనీ నివేదిక చదివేటప్పుడు టన్నుకు ఎంత, మొత్తం ఎంత అన్న రెండు అంకెలూ వెతకండి.

బొగ్గు ప్లాంట్లు ఎప్పటికీ ఉండవు, అప్పుడు బూడిదా ఉండదు. కాల్చిన బంకమట్టి, మెత్తగా నూరిన సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 సిమెంటుకు బిఐఎస్ 2023లో ప్రమాణం ఇచ్చింది. క్లింకర్ సగానికి తగ్గుతుంది. ఊరి దుకాణంలో అది దొరికే రోజు వచ్చేదాకా, గోడలకు, ప్లాస్టరింగ్‌కు పీపీసీ కళ్లు మూసుకుని వాడొచ్చు. వానాకాలం పోసే స్లాబ్‌కూ అంతే. ఎండాకాలం స్లాబ్‌కైతే 14 రోజులు నీళ్లు పట్టగలరో లేదో ముందు చూసుకోండి, సెంట్రింగ్ కిరాయి మేస్త్రీతో పోతకు ముందే మాట్లాడుకోండి.