డోర్నకల్ పేరు కొట్టేసిన కాగితం: నాలుగు రోజుల యాత్ర, ఒక చేదు రాత్రి

మా నాన్నగారు 1941లో, మా బాబాయి 1948 జనవరిలో, నంద్యాల దగ్గరి ఒక పల్లెలో ఒకే గుడిలో, ఒకే రాతి తొట్టి దగ్గర బాప్తిస్మం పొందారు. నాన్నగారి కాగితం నెత్తిన 'డోర్నకల్ అధ్యక్ష ఖండము' (అంటే డోర్నకల్ బిషప్పు ఏలుబడిలోని ప్రాంతం) అని అచ్చయి ఉంది. బాబాయి కాగితం కూడా అదే అచ్చు ఫారమే గాని, 'డోర్నకల్' అన్న మాట మీద ఎవరో నల్ల సిరాతో అడ్డంగా గీత గీసి, దాని స్థానంలో ఏమీ రాయకుండా వదిలేశారు. ట్రంకు పెట్టె అడుగున ఈ రెండు కాగితాలు పక్కపక్కనే కనబడిన రోజున, మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న డోర్నకల్ పేరు మా పల్లెకు ఎలా వచ్చిందో, ఏడేళ్లు తిరగకుండానే ఎందుకు పోయిందో కళ్లతో చూసి తెలుసుకుందామని నేను, మా ఆవిడ, డెబ్బై ఏడేళ్ల మా బాబాయి బయలుదేరాము. మెదక్ చర్చి చూస్తే సరిపోదా అని మా బంధువొకరు సలహా ఇచ్చారు. అది పోస్నెట్ దొర కట్టించిన వెస్లియన్ మెథడిస్టుల గుడి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. డోర్నకల్‌ను ఏలిన ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘపు, బిషప్పుల చరిత్రకు దానితో సంబంధం లేదు. తెలంగాణలో పెద్ద చర్చి అనగానే అందరికీ మెదక్ ఒక్కటే గుర్తుకు రావడం డోర్నకల్‌కు జరిగిన అన్యాయాల్లో ఒకటని నా అభిప్రాయం.

సికింద్రాబాదులో మధ్యాహ్నం రైలు ఎక్కాము. సెకండ్ సిట్టింగులో ముగ్గురికీ కలిపి 345 రూపాయలు అయింది. రాత్రికి ఖమ్మంలో దిగి, తెల్లవారి వెనక్కి డోర్నకల్ వెళ్లాలన్నది నా పథకం. "పొద్దున్నే బయలుదేరి డోర్నకల్ చూసుకుని, రాత్రికి విజయవాడ చేరితే పోదా" అని మా ఆవిడ ముందే అన్నది. ఆ మాట నేను వినకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని ఇప్పుడు లెక్కతో సహా చెబుతాను.

బస్టాండుకు దగ్గరలో ఉన్న ఆ లాడ్జి పేరు నేను రాయను. ఫోనులో ఏసీ గది 1,400, మూడో మనిషికి పరుపు 300 అని చెప్పినవారు, మేము సామానుతో కౌంటరు ముందు నిలబడ్డాక 1,400 అన్నది నాన్ ఏసీ ధర అనీ, ఏసీ అయితే 1,900 అనీ, పరుపుకు 500 అనీ అన్నారు. దాని మీద పన్ను 288 కలిపి మొత్తం 2,688 ముందుగానే కట్టించుకుని ఇచ్చిన రసీదు ఒక తెల్లకాగితం ముక్క. దాని మీద జీఎస్టీ నంబరు కాదు కదా, లాడ్జి ముద్ర కూడా లేదు. లిఫ్టు పనిచేయడం లేదన్న సంగతి డబ్బు చేతిలో పడిన తర్వాతే చెప్పారు. మోకాళ్ల నొప్పులున్న బాబాయిని మూడో అంతస్తుకు ఎక్కించడానికి మధ్యలో రెండుసార్లు మెట్ల మీద కూర్చోబెట్టవలసి వచ్చింది. ఏసీ నుండి చల్లగాలికి బదులు నీళ్లు కారాయి, సరిగ్గా మూడో పరుపు మీద. కుర్రవాడిని పిలిస్తే ఒక ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి దాని కింద పెట్టి, సమస్య తీరినట్టు వెళ్లిపోయాడు. రాత్రంతా ఆ బకెట్టులో చుక్కలు పడుతూనే ఉన్నాయి. తెల్లవారి ఎనిమిదిన్నరకు తలుపు కొట్టి, ఇరవై నాలుగు గంటల లెక్క లేదు, తొమ్మిదికి గది ఖాళీ చేయాలన్నారు. రాత్రి ఎనిమిదికి దిగిన మాకు గంటకు రెండు వందలకు పైగా పడిందని మా ఆవిడ అక్కడికక్కడే లెక్క కట్టి చెప్పింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. డోర్నకల్ చూడదలచినవారు ఖమ్మంలో రాత్రి ఉండవలసిన అవసరమే లేదు. ఉండక తప్పకపోతే గది చూడకుండా, ముద్ర ఉన్న రసీదు చేతికి రాకుండా డబ్బు కట్టకండి.

ఖమ్మం నుండి డోర్నకల్ ఇరవై మూడు కిలోమీటర్లే. అక్కడ స్టేషను బయట ఆటోవాడు పది నిమిషాలు కూడా పట్టని దారికి 200 అడిగి 120కి వచ్చాడు. సింగరేణి బొగ్గు కోసం నిజాం రాజ్యంలో వేసిన రైలు దారి ప్రధాన మార్గంలో కలిసే చోటు కాబట్టి ఈ ఊరు జంక్షను అయింది. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ ప్రాంతాన్నే తన సేవా క్షేత్రంగా ఎంచుకున్నది. దాని స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదులుకుని 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు తమ త్యాగాలన్నీ ఇచ్చారు గాని భారతీయ క్రైస్తవులకు స్నేహితులను కూడా ఇవ్వాలని నిండు సభలో అడిగారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టడంతో 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతెడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్పు. అప్పటికి ఆయన ఏలుబడి నిజాం రాజ్యపు ఆగ్నేయ మూలన ఒక చిన్న ముక్క మాత్రమే. నల్లవాడు బిషప్పయితే తెల్ల మిషనరీలు ఆయన కింద పనిచేస్తారా అన్న సందేహం ఉండబట్టే అంత చిన్న ముక్క ఇచ్చారని బాబాయి అంటాడు. నేనూ దాన్ని కాదనలేను. 1920 తర్వాత మద్రాసు అధ్యక్ష ఖండం నుండి కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. (చర్చి మిషనరీ సొసైటీ) సంఘాలు వచ్చి చేరాయి. మా కర్నూలు, కడప జిల్లాల్లో ఎస్.పి.జి. అనే మరో ఆంగ్లికన్ మిషన్ పెట్టిన సంఘాలు కూడా ఆ గొడుగు కిందికే వచ్చాయి. మా నాన్నగారి కాగితం మీది పేరు అలా వచ్చింది.

ఎపిఫనీ కతెడ్రల్ ముందు నిలబడగానే రాత్రి బకెట్టు చప్పుడు మరచిపోయాను. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది. లోపలి రాతి స్తంభాలు చూస్తే గుడి మండపంలో ఉన్నట్టు ఉంటుంది. ఇంగ్లండులోని ఏ గుడికీ నకలు కాకుండా, ఈ నేల మీద మొలిచినట్టు ఉండాలన్నది అజరయ్య గారి పట్టుదల. డబ్బు దొరికినప్పుడల్లా కట్టుకుంటూ ఏళ్ల తరబడి సాగిన పని 1939 జనవరి 6న ప్రతిష్ఠతో ముగిసింది. తాళం తీసిన పెద్దాయన రుసుము ఏమీ అడగలేదు. ఇచ్చిన వంద రూపాయలు చందా పెట్టెలో వేయమన్నాడు. బాబాయి చెప్పులు బయట విడిచి, ఒక స్తంభానికి అరచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆవరణలోనే ఉన్న అజరయ్య గారి సమాధి దగ్గర మాత్రం ఆయనకు కోపం వచ్చింది. "ఈయన బతికుంటే మా నాయన వాళ్లు విడిపోయేటోళ్లు కాదురా" అన్నాడు.

ఆ మాటలో నిజం ఎంతో గాని, చరిత్ర మాత్రం ఇదీ. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత చర్చల్లో అజరయ్య గారు ముందు వరుసలో ఉన్నారు. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ పీఠానికి ఆంథొనీ ఎలియట్ వచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, వారితో పాటు లండన్ మిషన్ వంటి మిషన్ల సంఘాలు అంతకు ముందే కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం వారు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా, అంటే మనం సి.ఎస్.ఐ. అనేదిగా మారారు. దానితో పాత ఆంగ్లికన్ డోర్నకల్ ముగిసింది. డోర్నకల్ పేరు ఉత్తరాన మిగిలింది; కోస్తా భాగం కృష్ణా-గోదావరి అధ్యక్ష ఖండం అయింది; కర్నూలు వైపు కలిసినవారు లండన్ మిషన్ సంఘాలతో జతపడి చివరకు రాయలసీమ అధ్యక్ష ఖండంలో ఉన్నారు. మా నంద్యాల వారు మాత్రం కలవలేదు.

డోర్నకల్ నుండి మచిలీపట్నం వెళ్లి ఒక రాత్రి ఉన్నాము. 1,100 రూపాయల గది శుభ్రంగా ఉంది, చెప్పవలసిందేమీ లేదు. 1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు ఫాక్స్, నోబుల్ దొరలు వచ్చిన ఊరు ఇదే. నోబుల్ గారు 1843లో పెట్టిన బడే నేటి నోబుల్ కాలేజీ. 1864 నవంబరు ఉప్పెనలో ఊరూ చుట్టుపక్కలా కలిపి ముప్పై వేల మంది కొట్టుకుపోయారన్న మాట వింటూ ఆ వీధుల్లో నడుస్తుంటే మనసు ఒక విధంగా అయిపోయింది. అయితే మా ఆవిడకు నాతో మాటలు కలిసింది చరిత్ర వల్ల కాదు, కోనేరు సెంటరు దగ్గరి ఒక చిన్న మెస్సు వల్ల. 160 రూపాయల భోజనంలో అరిటాకు మీద ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, అడగకుండానే మారు వడ్డించిన చేపల పులుసు. పులుసులో చింతపండు పులుపు, మెంతి చేదు రెండూ నిలిచి ఉన్నాయి. వడ్డించే ఆమె బాబాయి పళ్లు చూసి, ముళ్లు తక్కువ ఉన్న ముక్క ఏరి వేసింది. "లాడ్జివాడికి ఇచ్చిన దానిలో ఇలాంటి భోజనాలు పదహారు వచ్చేవి" అన్నది మా ఆవిడ. తిరుగు ప్రయాణానికి బందరు లడ్డు కిలో కొన్నాము.

బస్సులో గుంటూరు చేరి, అక్కడి నుండి నంద్యాల రైలు ఎక్కాము. గిద్దలూరు దాటి నల్లమల అడవిలోకి రైలు దూరాక బాబాయి తన తండ్రి పక్షం వినిపించాడు. ఎస్.పి.జి. వారు బిషప్పు చేతుల ద్వారా అపొస్తలుల కాలం నుండి తెగకుండా వచ్చే అభిషేకానికి ఎనలేని విలువ ఇచ్చేవారు. కొత్త సంఘంలో ఇకముందు గురువులందరికీ బిషప్పే చేతులుంచుతారు గాని, అప్పటికే ఉన్న మెథడిస్టు, లండన్ మిషన్ పాదుర్లను మళ్లీ అభిషేకం లేకుండానే అంగీకరించారు. ముప్పై ఏళ్ల దాకా ఆ ఏర్పాటు సాగుతుందన్నారు. "బిషప్పు చేయి పడని పాదిరి దగ్గర ప్రభు భోజనం ఎట్ల తీసుకుంటాము అనినారు మా పెద్దోళ్లు. జీతాలు యాడనుంచి వస్తాయో అనే భయం గూడా ఉండె, అబద్ధమెందుకు" అన్నాడు బాబాయి. కలిసినవారికి ఎస్.పి.జి. తన నిధి నుండి నేరుగా డబ్బు పంపడానికి వెనుకాడిన మాట నిజమే. అలా పక్క పక్క పల్లెల్లో ఒకే వంశం వారు రెండు సంఘాలయ్యారు. నంద్యాల వారు కలకత్తా మెట్రోపాలిటన్ (బిషప్పులందరికీ పెద్ద) ఆజమాయిషీలో పాత ఆంగ్లికన్ సంఘంలోనే ఉండి, 1963లో సొంత అధ్యక్ష ఖండం సంపాదించుకున్నారు. 1970 నవంబరులో ఉత్తరాది సంఘాల ఐక్యతతో ఆ పాత సంఘమే లేకుండా పోయింది. ఉత్తర ఇండియా సంఘంలో కొన్నేళ్లు ఉండి, 1970ల మధ్యలో సి.ఎస్.ఐ.లోకే వచ్చారు. ఎదురుచూడమన్న ముప్పై ఏళ్లు అప్పటికి దాదాపు గడిచిపోయాయి కదా అని నేను అంటే, బాబాయి కిటికీ వైపు తిరిగిపోయాడు.

నంద్యాలలో బస 1,250, జీఎస్టీ నంబరు ఉన్న రసీదుతో. పొద్దున నలభై రూపాయల ఉగ్గాని బజ్జీ తిని, హోలీ క్రాస్ కతెడ్రల్ చూసుకుని, 900కి కారు మాట్లాడుకుని మా పల్లెకు వెళ్లాము. రాతి తొట్టి అలాగే ఉంది. అంచు ఒకచోట పెచ్చు ఊడింది. అక్కడి గురువు గారు టీ ఇప్పించి, చెదలు తిన్న అట్టల మధ్య నుండి పాత రిజిస్టరు ఓపికగా వెదికి తీసి, 1948 జనవరిలో బాబాయి పేరు చూపించారు. పాత కాగితం చినిగిపోతున్నది గనుక కొత్త ధ్రువపత్రం రాసి ఇస్తానన్నారు. దాని నెత్తిన 'దక్షిణ ఇండియా సంఘము, నంద్యాల అధ్యక్ష ఖండము' అని అచ్చయి ఉంది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని అది రెండుసార్లు చదివాడు.

"అయ్యా, నలభై ఎనిమిదిలో మేము దీంట్లో లేము గదా" అన్నాడు.

మా దగ్గర ఉన్నవి ఈ ఫారాలేనండీ అన్నారు గురువు గారు. బాబాయి కొంతసేపు ఆలోచించి, సంతకం చేయించుకుని, వంద రూపాయలు కానుక వేసి, కొత్త కాగితాన్ని గీత కొట్టిన పాత కాగితంలోనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.