ఆటంబర్గ్ రెనెసా ఫ్యాన్: మెచ్చుకోవాల్సింది బోర్డునే

తెనాలిలో ఫ్యాన్లకు వైండింగ్ చుట్టే పని నాది. అందుకే ఈ బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌లో రెక్కల కన్నా ముందు లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు చూశాను.

పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది. ఇది ఫుల్ స్పీడులో 28. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు సుమారు 17 యూనిట్ల తేడా. మోటారులో తిరిగే భాగమైన రోటర్‌లో అయస్కాంతాలుంటాయి కాబట్టి అక్కడ కరెంటు వేడిగా వృథా కాదు. కానీ నేరుగా 230 వోల్టుల ఏసీ ఇస్తే ఈ మోటారు తిరగదు. బోర్డు ముందు దాన్ని డీసీగా మార్చాలి, ఆ తర్వాత ఆరు ట్రాన్సిస్టర్లు వరస తప్పకుండా మోటారులోని మూడు ఫేజుల చుట్లకీ కరెంటు అందించాలి. ఆ స్విచింగ్ ఎంత నున్నగా ఉంటే ఫ్యాన్ అంత నిశ్శబ్దం. చవక బోర్డులున్న ఫ్యాన్లు తక్కువ స్పీడులో సన్నగా కూస్తాయి, ఇది కూయలేదు. రాత్రి వోల్టేజీ పడిపోయినా గాలి తగ్గకపోవడం నాకు బాగా నచ్చింది.

బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్ తప్పకుండా తీసేయించండి. అది ఏసీ అలను ముక్కలుగా కోస్తుంది, బోర్డుకు మంచిది కాదు. స్పీడు మార్చడానికి రిమోట్ ఉంది.

ఒక్క మాట: బీఎల్‌డీసీ ఏ కంపెనీదైనా సరే, బోర్డు పోతే మా వైండింగ్ షాపుల్లో బాగుచేయడం కష్టం, కొత్త బోర్డు వేయాల్సిందే. కాబట్టి బిల్లు, వారంటీ కార్డు భద్రంగా దాచుకోండి. ఇన్వర్టర్ మీద బతికే ఇళ్లకు కళ్లు మూసుకుని చెబుతాను, ఇదే కొనండి.