అయిదు ట్రేల డీహైడ్రేటర్: ఆకుకు భేష్, పావిలికి కష్టం

వేసవి చివర్లో గట్ల మీద ఏరుకొచ్చిన ఆకూ కాయా ఎండబెట్టడానికి ఎక్కువమంది కొనే రకం ఇదే. అడుగున హీటరు, ఫ్యాను, పైన పేర్చుకునే ప్లాస్టిక్ ట్రేలు, 35 నుంచి 70 డిగ్రీల దాకా తిప్పుకునే మీట.

చిలకతోటకూర లాంటి పలచటి ఆకు విషయంలో దీనికి వంక పెట్టలేం. కాడలు తీసి, కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, ఆకు మీద ఆకు పడకుండా పరిచి 40 డిగ్రీల దగ్గర పెడితే అయిదారు గంటల్లో నలిపితే పొడయ్యేలా ఎండుతుంది. రంగూ పెద్దగా పోదు. చికాకల్లా ఒకటే: ఎండిన ఆకు గాలికి లేచి, కన్నాల్లోంచి జారి హీటరు మీద మాడుతుంది. కిందా పైనా సన్నటి వల వేయాల్సిందే. అది విడిగా కొనుక్కోవాలి, ఇదేం పొదుపో మరి!

అసలు పరీక్ష పావిలికూరే. ఏరేటప్పుడే కాడ తుంచి చూడాలి. తెల్లటి పాలు కారితే అది పావిలి కాదు, పక్కనే నేలబారుగా పాకే నానబాలు లాంటిది, పారేయండి. పావిలి కాడలో నీళ్లే ఉంటాయి. ఆ నీటివల్లే పచ్చిగా పరిస్తే తెల్లారినా మెత్తగానే ఉంటుంది. మరిగే నీళ్లలో నిమిషం ముంచి, చల్లార్చి, పిండి, చిన్న ముక్కలు కోసి 55 దగ్గర పెట్టాలి. అప్పుడైనా పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరపడి 70కి తిప్పితే పైపొర బిగుసుకుపోయి లోపలి తడి బయటికి రాదు, సీసాలోకెళ్లాక బూజు పడుతుంది.

గాలి కిందనుంచి రావడంతో అడుగు ట్రే ఎండిపోయినా పై ట్రే తడిగానే ఉంటుంది. గంటన్నరకోసారి కిందామీదా మార్చాలి. రాత్రంతా వదిలేసి పడుకునే యంత్రం కాదిది.

అడవి గులాబీ కాయలు బాగానే ఎండుతాయి. కాకపోతే సగానికి కోసి గింజలతో పాటు లోపలి నూగంతా చెంచాతో గీకేయాలి, లేకపోతే గొంతులో గుచ్చుకుంటుంది.

ఏదైనా చల్లారాకే సీసాలో పోయాలి. మూడింట రెండు వంతులే నింపి, వారంపాటు రోజూ కుదపండి. గాజుకు చెమ్మ పడితే మళ్లీ ట్రేలోకే.

ఆకులే ఎక్కువ తెచ్చేవాళ్లకు ఇది చాలు. రసమున్న కాయలు ఎక్కువైతే వెనక ఫ్యాను ఉండే పెట్టె రకం మేలు. మీట 50 దగ్గర మొదలయ్యే మోడళ్ల జోలికి మాత్రం పోవద్దు, ఆకు వాసనంతా గదిలోనే మిగులుతుంది.