సీ డ్రైవ్ నిండిందని లాప్‌టాప్ షాపులో ఇచ్చే ముందు ఇది చదవండి

బెంగళూరులో ఉన్న మనవాళ్లందరికీ, ముఖ్యంగా మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉంటున్న పిల్లలకు చెప్తున్నా. సీ డ్రైవ్ గీత ఎర్రగా మారగానే లాప్‌టాప్ పట్టుకుని కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్‌కి పరుగెత్తకండి. మా తమ్ముడికి పోయిన వారం ఏం జరిగిందో చూడండి.

వాడిది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఖాళీ దాదాపు లేదు, అప్‌డేట్లు ఎక్కడం లేదు. ఎస్పీ రోడ్ సందులో ఒక సర్వీస్ షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు తెలుగులోనే మాట్లాడాడట. "ఫార్మాట్ తప్ప దారి లేదు బ్రదర్. డీ డ్రైవ్ ముట్టుకోం, మీ డేటా ఎక్కడికీ పోదు" అన్నాడు. మనవాడే కదా అని నమ్మి ఇచ్చాడు. సాయంత్రానికి మూడు వేలు తీసుకుని, "సర్వీస్" అని మాత్రం రాసిన చీటీ చేతిలో పెట్టారు.

డీ డ్రైవ్ నిజంగానే భద్రంగా ఉంది. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే, యూజర్స్ ఫోల్డర్ కింద ఉంటాయి. వాడి ఎంటెక్ ప్రాజెక్టు, నాన్న షష్టిపూర్తి ఫొటోలు డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాడు. అన్నీ పోయాయి. రోజూ ఇదే పని చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదా? బ్యాకప్ ఉందా అని ఒక్క మాట అడగలేదు. నా కోపమంతా అక్కడే. రికవరీ కూడా ఆశ పెట్టుకునేలా లేదు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే పద్ధతి వల్ల చెరిపేసిన చోటును డ్రైవే శుభ్రం చేసేసుకుంటుంది. పాత హార్డ్ డిస్క్‌లో దొరికినట్టు దొరకవు.

పైగా లాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ హోమ్ ఎడిషన్ తీసేసి క్రాక్ చేసిన (లైసెన్స్ లేని దొంగ) ప్రో ఎడిషన్ వేశారు, దాని కోసం విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేశారు. హోమ్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసుంటే నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అయ్యేది.

సీ డ్రైవ్‌ను ఏమేం నింపాయో చూపే స్క్రీన్‌షాట్, షాపుకి వెళ్లే ముందు తీసింది, వాడి ఫోన్‌లో దొరికింది. అది చూశాక నాకు అసలు బాధ మొదలైంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, వీడు ఈ మధ్యే 11కి మారాడు. అలా మారినప్పుడు పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో మిగిలిపోతుంది, చాలా జీబీలు తింటుంది. మామూలుగా పది రోజులకు విండోసే దాన్ని తీసేస్తుంది. అంటే ఇంకొన్నాళ్లు ఆగినా సరిపోయేది!

ఆగలేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరవండి. పాత విండోస్, అప్‌డేట్ చెత్త, రీసైకిల్ బిన్ అక్కడే కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు. పాత విండోస్ తీసేస్తే మళ్లీ 10కి వెనక్కి వెళ్లలేరు, అంతే. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పడకుండా చూసుకోండి. హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి లాప్‌టాప్ ఆపేయడం) వాడనివాళ్లు అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి దాన్ని ఆపేస్తే మరికొన్ని జీబీలు వస్తాయి, లాప్‌టాప్ త్వరగా ఆన్ అయ్యే ఫాస్ట్ స్టార్టప్ మాత్రం పోతుంది. విండోస్ తన సొంత ఫైళ్లు పెట్టుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్ ఎంత పెద్దగా కనిపించినా చేత్తో డిలీట్ చేయకండి, విండోస్ పాడవుతుంది.

ఇవన్నీ చేసినా చాలక షాపుకి వెళ్లాల్సి వస్తే, ముందు యూజర్స్ ఫోల్డర్ మొత్తం బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఏం చేయబోతున్నారో, ఏ విండోస్ వేస్తారో బిల్లు మీద రాయించండి. మేం యూపీఐ చెల్లింపు రుజువు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఆ వీధిలో మీకూ ఇలాగే జరిగి ఉంటే చీటీ పారేయకుండా మీరూ ఫిర్యాదు చేయండి.