జర్మన్ జలాంతర్గామిని చూడాలంటే లాబో మేలా, బ్రేమర్‌హాఫెన్ మేలా?

రెండో ప్రపంచ యుద్ధంనాటి జర్మన్ జలాంతర్గామి లోపల నడిచి చూడాలని ఉందా? జర్మనీలో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లకు రెండు మంచి చోట్లున్నాయి: కీల్ దగ్గర లాబో తీరంలో యు-995, బ్రేమర్‌హాఫెన్ రేవులో యు-2540. ఒక్కదానికే వీలుంటే నేను లాబోకే వెళ్లమంటాను.

యంత్రంగా మాత్రం యు-2540దే పైచేయి. అది 21వ రకం. పాత జలాంతర్గాములు నీటి అడుగున ఏడెనిమిది నాట్ల (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.) వేగం దాటలేకపోయేవి; దీన్ని 17 నాట్లు అందుకునేలా కట్టారు. కానీ 1945 ఫిబ్రవరి 24న నౌకాదళంలో చేరిన దాన్ని మే 4న సొంత సిబ్బందే ముంచేశారు. పది వారాల కొలువు, ఒక్క యుద్ధయాత్ర కూడా లేదు. ఈ రకంవి వందకు పైగా నౌకాదళంలో చేరినా, యుద్ధయాత్రకు బయలుదేరినవి రెండే. అవీ ఒక్క ఓడనూ ముంచలేదు. యు-2540ని 1957లో పైకి తీసి, మార్పులు చేసి, విల్‌హెల్మ్ బావర్ పేరుతో పరిశోధనకు వాడారు. కాబట్టి అక్కడ యుద్ధకాలపు పనితనంతోపాటు తర్వాతి మార్పులూ కనిపిస్తాయి. ఇంజనీరింగ్ మీద మక్కువ ఉన్నవారికి అదే సరైన చోటు.

యు-995 ఏడో రకం. ఏడు వందలకు పైగా కట్టిన ఆ రకంలో నేడు మిగిలింది ఇదొక్కటే. 1943 సెప్టెంబరులో కొలువులో చేరి, ఆర్కిటిక్ సముద్రంలో సోవియట్ రేవులకు వెళ్లే నౌకల గుంపులపై దాడులకు తిరిగింది. యుద్ధం తర్వాత నార్వే దాన్ని కౌరా పేరుతో వాడుకుని జర్మనీకి తిరిగి ఇచ్చింది.

67 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో దాదాపు యాభై మంది. గుండ్రటి ద్వారం దాటాలంటే నడుం వంచి, ముందు ఒక కాలు పెట్టి, తర్వాత తల దూర్చాలి. ముందు గదిలో టార్పెడోల (నీటి అడుగున దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాల) పక్కనే పడకలు. ఒకరు కాపలాకు లేవగానే ఆ వెచ్చటి పక్క మీద ఇంకొకరు వాలేవారు. ఉన్నవి రెండే మరుగుదొడ్లు, యాత్ర మొదట్లో వాటిలో ఒకటి తిండి సామానుతో నిండిపోయేది! యుద్ధంలో చనిపోయిన దాదాపు 30 వేల మంది జలాంతర్గామి నావికుల్లో ఎక్కువమంది బతికింది ఇలాంటి గదుల్లోనే. వారి పేర్లు చెక్కిన స్మారకం మోల్టెనోర్ట్‌లో, లాబోకు కొద్ది దూరంలోనే ఉంది. దాన్నీ అదే రోజు చూడవచ్చు.

అమెరికాలో ఉన్నవారు షికాగో సైన్స్ మ్యూజియంలోని యు-505ను చూడండి. 1944 జూన్ 4న అమెరికా నౌకాదళం సముద్రంలోనే పట్టుకున్న జలాంతర్గామి అది.