అండమాన్ హేవ్‌లాక్ దీవిలోని నీమో రీఫ్: పిల్లాపాపలతో వెళ్తే స్కూబా కుదురుతుందా?

కుదురుతుంది. ఈత రాకపోయినా ఫర్వాలేదు. బోటెక్కే పని లేకుండా ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు. స్కూబా శిక్షణ సంస్థ పాడీ (PADI) నియమాల ప్రకారం పదేళ్లు నిండితే 12 మీటర్ల లోపు, ఎనిమిదేళ్లకైతే 2 మీటర్లే. అంతకన్నా చిన్నపిల్లలుంటే అమ్మానాన్నా వంతులేసుకోవాలి.

జనం ఎక్కువైతే ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి, అందుకే పొద్దున్నే స్లాట్ అడగండి.

డైవ్‌ని చెడగొట్టేది చాలాసార్లు చెవులే. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, తల మునిగిన దగ్గర్నుంచే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ దిగాలి. చెవి విడవకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ఊదాలి, బలవంతం పనికిరాదు. జలుబుంటే మానేయడమే. మీసాలున్నవాళ్లకి మాస్క్ కారుతుంది. ముక్కు కింద సన్నగా గీసుకుంటే సరి.

ప్యాకేజీవాళ్లు డైవ్‌ని ఆఖరి రోజుకి నెడితే ఒప్పుకోవద్దు: ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు.