గ్లాసులో నీళ్లు పెరగలేదు: పిల్లల వాతావరణ కామిక్ గురించి

వాతావరణ మార్పు గురించిన ఈ కామిక్‌ను మా తొమ్మిదేళ్ల అమ్మాయితో కలిసి రెండుసార్లు చదివాను. ఏడుస్తున్న భూగోళం, వేలు చూపించి మందలించే పెద్దమనిషి ఇందులో లేరు. నాకు మొదట నచ్చింది అదే.

అన్నిటికంటే బాగున్నది అమెరికా శాస్త్రవేత్త యూనిస్ ఫుట్ కథ. 1856లో ఆమె గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి, థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువగా వేడెక్కింది, చల్లారడానికీ చాలాసేపు పట్టింది. ఆ పేజీల్లో మాటలు దాదాపు లేవు. గడి తర్వాత గడిలో పాదరసం పైకి పాకుతూ ఉంటుంది, అంతే. మా అమ్మాయి ఆ గడుల మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ చూసింది.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద తీసే కార్బన్ డయాక్సైడ్ కొలతలను ఆ కొండే ఊపిరి పీలుస్తున్నట్టు గీయడం కూడా గొప్ప ఆలోచన. ఉత్తరార్ధగోళంలో మొక్కలు ఏపుగా పెరిగే నెలల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తర్వాత మళ్లీ పెరుగుతుంది. అలా ఊగుతూనే 1958లో పది లక్షల భాగాలకు 315 దగ్గర ఉన్నది ఇప్పుడు 420 దాటింది.

సముద్రమట్టం పేజీ మాత్రం నన్ను బాధపెట్టింది. ఒక గడిలో తేలే మంచు పలక మీద ఎలుగుబంటి, పక్క గడిలో మునిగిన నగరం. మధ్యలో ఏమీ లేదు. మా అమ్మాయి గ్లాసు నీళ్లలో మంచుముక్కలు వేసి, అంచు దగ్గర గీత గీసి, కరిగేదాకా కూర్చుంది. "అమ్మా, నీళ్లు పెరగలేదే! పుస్తకం తప్పు చెప్పిందా?" అని అడిగింది. అప్పుడు గిన్నెలో రాయి పెట్టి, నీళ్లు పోసి, ఆ రాతి మీద మంచు పెట్టి చూపించాను. ఈసారి నీళ్లు గీత దాటాయి. గ్రీన్‌లాండ్ మంచు నేల మీద ఉంది, అందుకే అది కరిగితే ప్రమాదం. వేడెక్కిన సముద్రపు నీరు తానే వ్యాకోచిస్తుందన్న సంగతికి కూడా ఒక్క గడి లేదు. పిల్లలకు బొమ్మే గుర్తుంటుంది కాబట్టి దీన్ని చిన్న లోపం అనలేను.

చివర్లో లైట్లు ఆర్పమని పిల్లలకు చెప్పారు, ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు కాల్చితే వస్తోందని చెప్పలేదు. అదీ చెప్పాల్సింది.

అయినా కొనమనే చెబుతాను, పక్కన కూర్చుని చదవగలిగితే. మా ప్రతిలో ఎలుగుబంటికీ నగరానికీ మధ్య ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది. దాని మీద గిన్నె, రాయి, రాతి మీద మంచు.